షూ విప్పే ధైర్యం

మన ఊళ్లలో షూ విప్పాల్సిన చోట్లు ఎక్కువ. చుట్టాలింటి గడప, గుడి, దర్గా, యోగా క్లాసు, కొందరు డాక్టర్ల గదులు, పట్టుచీరల దుకాణంలో పరిచిన తెల్లటి పరుపు, చివరికి పెళ్లిచూపులు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు సరిచేసుకుని, ఏం మాట్లాడాలో బస్సులోనే రెండుసార్లు అనుకుని వెళ్లిన కుర్రాడు గుమ్మం దగ్గర వంగి లేసు ముడి విప్పుతూ ఒక్క క్షణం ఆగుతాడు. సాక్సులు కూడా తీసెయ్యాలా, ఉంచుకోవాలా? షూ ఇక్కడే వదలాలా, మెట్ల కింద మూలకి నెట్టాలా? అప్పటిదాకా కూడగట్టుకున్న ధీమా అక్కడే సగమైపోతుంది.

వ్యక్తిత్వ వికాసం పాఠాల్లో ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడమంటారు, నిటారుగా కూర్చోమంటారు, గొంతు సవరించుకోమంటారు. కాళ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే చులకనైపోతామని భయం కాబోలు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం తెల్లవారుజామున 1600 మీటర్లు పరిగెత్తేవాళ్లు, సాయంత్రం ఇండోర్ కోర్టులో షటిల్ ఆడేవాళ్లు, జిమ్ బ్యాగు భుజాన వేసుకుని ఆఫీసుకి పోయేవాళ్లు, డాక్టరు నడవమన్నాడని పార్కు చుట్టూ తిరిగేవాళ్లు, అందరికీ ఉన్న ఇబ్బందే ఇది. కాబట్టి ఎత్తుదాం.

మన దేశంలోనే ఇద్దరు దీన్ని పరిశోధన దాకా తీసుకెళ్లారు. ఢిల్లీ శివార్లలోని శివ నాడార్ యూనివర్సిటీలో డిజైన్ బోధించే వికాశ్ కుమార్, ఆయన శిష్యుడు సార్థక్ మిత్తల్. హాస్టల్ గదుల బయట వరసగా వదిలేసిన షూలు చూసి, ఒక మంచి షూ స్టాండు తయారుచేద్దామనుకున్నారు. ఆరా తీస్తే తేలింది వేరు. గదిలో చోటు లేక కాదు, కంపు భరించలేక బయట పెడుతున్నారు. 149 మంది విద్యార్థులని అడిగితే, సొంత షూ వల్లో పక్కవాళ్ల షూ వల్లో ఇబ్బందిపడ్డామని సగానికి పైగా ఒప్పుకున్నారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఏటా ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2025లో ఈ పనికి వచ్చింది.

సగానికి పైగా! ఒకే వరండాలో షూ విప్పుకునేవాళ్లు, ఒకే మెస్సులో తినేవాళ్లు. అయినా ప్రతివాడూ ఇది తనొక్కడి ఖర్మే అనుకుంటాడు. అనుకుని ఏం చేస్తాడు? దాస్తాడు. పాలిథిన్ కవర్లో చుట్టి మంచం కిందకి తోస్తాడు. బ్యాగులో వేసి జిప్పు లాగేస్తాడు. స్కూటీ డిక్కీలో పడేస్తాడు. తలుపులున్న షూ ర్యాకులో పెట్టి గట్టిగా మూస్తాడు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. షూలో వాసన పుట్టాలంటే తడి ఉండాలి, వెచ్చగా ఉండాలి, గాలి ఆడకూడదు. సిగ్గుపడి దాచిన ప్రతి చోటా ఆ మూడూ దొరుకుతాయి. మే నెల ఎండలో నిలబెట్టిన స్కూటీ డిక్కీలో చెమట షూ చేసే పని, మూతపెట్టిన గిన్నెలో ఇడ్లీపిండి రాత్రంతా చేసే పనే.

కాలిది తప్పు కాదు

మన రెండు పాదాల్లో కలిపి సుమారు 2.5 లక్షల చెమట గ్రంథులుంటాయి. ఒంట్లో అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ ఇవి బాగా దట్టంగా ఉంటాయి. వీటినుంచి వచ్చే చెమటలో ఎక్కువభాగం నీళ్లే, కాస్త ఉప్పు, కొన్ని అమైనో ఆమ్లాలు. అప్పుడే పట్టిన ఈ చెమటకి వాసన దాదాపు ఉండదు. మన చర్మం మీద ఎప్పుడూ కాపురముండే బ్యాక్టీరియా దాన్ని తిని, విడగొట్టి, వాసన పుట్టిస్తుంది. చెమటలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని స్టఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే సూక్ష్మజీవి ఐసోవాలెరిక్ ఆమ్లంగా మారుస్తుంది. షూ విప్పగానే ముక్కుకి తగిలే ఆ పుల్లటి ఘాటు ప్రధానంగా దానిదే. ఇంకొన్ని రకాల బ్యాక్టీరియా అరికాలి మృతచర్మం మీద బతుకుతూ గంధకం కలిసిన వాయువుల్ని వదులుతాయి.

యూరప్‌లో లింబర్గర్ అనే చీజ్ ఒకటుంది. దాని కంపు లోకప్రసిద్ధం. ఆ చీజ్‌ని మాగబెట్టే బ్యాక్టీరియాకీ మన కాలి వేళ్ల సందుల్లో ఉండే బ్యాక్టీరియాకీ దగ్గరి చుట్టరికం ఉంది. ఆఫ్రికాలో మలేరియా మోసే అనాఫిలిస్ గాంబియే ఆడదోమ కాలి వాసనకీ లింబర్గర్ చీజ్‌కీ సమానంగా ఆకర్షితమవుతుందని డచ్ పరిశోధకుడు బార్ట్ క్నోల్స్ బృందం చూపించింది. దానికీ 2006లో ఇగ్ నోబెలే ఇచ్చారు. దోమకీ మలేరియాకీ ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న పట్టుకున్నది మన సికింద్రాబాదులోనే. అనాఫిలిస్‌తో మనకి అంత పాత పరిచయం ఉంది. దాని ముక్కుకి మాత్రం మన కాళ్లంటే ఏ సంకోచమూ లేదు.

ఈ చెమట గురించి రెండు విషయాలు మనసులో పెట్టుకోవాలి. మొదటిది, కాలి కంపు మురికితనానికి గుర్తు కాదు. రోజుకి రెండుసార్లు స్నానం చేసే మనిషి షూ కూడా కంపు కొట్టవచ్చు. రోజంతా చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే మనిషి కాళ్లకి మట్టి ఉంటుంది, ఈ వాసన ఉండదు. అతని అరికాళ్లకీ చెమట పడుతుంది, కానీ పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. తేడా అంతా ఆరడంలోనే ఉంది.

రెండోది ఇంకా ముఖ్యం. అరచేతులూ అరికాళ్లూ ఎండకి మాత్రమే చెమర్చవు, కంగారుకీ చెమరుస్తాయి. పరీక్ష హాల్లో పెన్ను జారిపోయేది అందుకే. షూ కంపు కొడుతుందేమోనన్న భయంతో ఇంటర్వ్యూకి వెళ్లినవాడికి ఆ భయం వల్లే అరికాళ్లు తడుస్తాయి. తడిస్తే వాసన, వాసనకి మళ్లీ భయం. ‘ధైర్యంగా ఉండు’ అని వెన్ను తట్టినంత మాత్రాన ఈ చక్రం ఆగదు. షూ పొడిగా ఉంటే ఆగుతుంది. ఆత్మవిశ్వాసం మీద వందల పేజీల పుస్తకాలొస్తున్నాయి. కొన్ని భయాలకి మాత్రం పాత పేపరూ టేబుల్ ఫ్యానూ చాలు.

ఇంటికొచ్చిన మొదటి ఐదు నిమిషాలు

చాలామంది వాసన వచ్చాక, ఎక్కడికో బయల్దేరబోయే ముందు హడావుడిగా మందు వెతుకుతారు. అప్పటికి చెయ్యగలిగింది తక్కువ. చెయ్యాల్సిందంతా షూ విప్పిన వెంటనే, అదింకా వెచ్చగా ఉన్నప్పుడే చెయ్యాలి.

లేసు పై రెండు కన్నాల దాకా వదులు చేసి కాలు లాగెయ్యడం మనందరి అలవాటు. అలా కాదు. కింది కన్నాల దాకా వదులు చెయ్యండి. నాలుకని ముందుకి లాగి షూ నోరు పూర్తిగా తెరవండి. లోపలి ఇన్‌సోల్ బయటికి తియ్యండి. ఐదు నిమిషాల్లో అసలైన పని ఇదొక్కటే. అరికాలి చెమట ముందు దిగేది సాక్సులోకి, అక్కణ్నుంచి ఇన్‌సోల్ స్పాంజిలోకి. అది షూలోనే ఉంటే దాని అడుగుభాగం రాత్రంతా తడిగానే ఉంటుంది. గోడకి ఆనించి నిలబెడితే రెండువైపులా ఆరుతుంది. కొత్త షూ కొనేటప్పుడు దుకాణంలోనే ఇన్‌సోల్ ఊడి వస్తుందో లేదో వేలితో లాగి చూడండి. అతికించేసి ఉంటే ఆ షూ వద్దనే అంటాను, రంగు ఎంత నచ్చినా సరే.

తర్వాత పాత పేపరు. రెండు మూడు కాగితాలు ఉండలు చుట్టి, బొటనవేలు చేరే చివరిదాకా కుక్కండి. షూ ముందుభాగంలో గాలి ఆడదు, తడి ఎక్కువగా నిలిచేది అక్కడే. గంట, రెండు గంటలయ్యాక తడిసిన ఉండలు తీసేసి పొడివి పెట్టండి. ఇంగ్లీషు పేపరైనా తెలుగు పేపరైనా ఒకేలా పీలుస్తుంది, లోపల తెల్లటి గుడ్డ ఉన్న షూకి మాత్రం అచ్చు రంగు అంటవచ్చు. ఆ తర్వాత షూని ర్యాకులో పెట్టకుండా ఫ్యాను గాలి తగిలేచోట ఉంచండి. పూర్తిగా ఆరాకే ర్యాకు. దానికి తలుపులుంటే ఒక రెక్క తెరిచి ఉంచండి. చూడ్డానికి బాగుండదని ఇంట్లో గొణుగుతారు, గొణగనివ్వండి.

బాగా తడిసిన స్పోర్ట్స్ షూ లోపలిదాకా ఆరడానికి ఒక రోజు పడుతుంది. అంటే నిన్న సాయంత్రం ఆడినదాన్ని ఈ ఉదయం పరుగుకి వేసుకుంటే తడి షూ వేసుకున్నట్టే, చేత్తో తాకితే పొడిగా అనిపించినా సరే. అందుకే రెండు జతలుండాలి, ఒకదాని తర్వాత ఒకటి వాడాలి. ఖరీదైన జత ఒకటి కొని రోజూ వాడేకంటే, ఓ మోస్తరువి రెండు కొని మార్చి మార్చి వాడితే రెండూ ఎక్కువకాలం వస్తాయి. అంత డబ్బు లేదా? కోచింగు ఫీజు కట్టి, హాస్టల్ ఫీజు కట్టి, మిగిలిన దాంట్లో షూ కొనుక్కునే కుర్రాళ్లకి రెండో జత మాటలు కాదు. రెండో జత ఇన్‌సోల్స్ కొనుక్కోండి. షూ ధరతో పోలిస్తే వాటి ధర చాలా తక్కువ. ఒకటి కాలి కింద ఉంటే ఇంకోటి కిటికీలో ఆరుతుంది. సమస్యలో సగం అక్కడే తీరుతుంది.

ఎండలో పెట్టవచ్చా అని అడుగుతారు. ఇన్‌సోల్స్ పెట్టవచ్చు, కాసేపే. షూని మాత్రం మన వేసవి ఎండలో, అందులోనూ రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల కాసే ఎండలో గంటల తరబడి వదిలేస్తే సోలు అతికించిన జిగురు పట్టు తప్పుతుంది, అడుగునున్న ఫోమ్ బిగుసుకుపోతుంది. నీడలో, గాలి వీచేచోట పెట్టండి. కోస్తాలో వానాకాలం వస్తే కథ మారుతుంది. గాలిలోనే తడి ఉన్నప్పుడు నీడలో పెట్టినా ఆరదు, అప్పుడు ఫ్యానే దిక్కు. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి కొట్టకండి, అదీ జిగురుకి శత్రువే.

అప్పటికే వాసన పట్టేసిన షూ ఉంటే వంటసోడా వాడండి. ఇది చిట్కా కాదు, పదో తరగతి రసాయనశాస్త్రమే. వాసన ఆమ్లానిది, సోడా క్షారం. రెండూ కలిస్తే ఆవిరై ముక్కుదాకా ఎగరలేని లవణం మిగులుతుంది. షూ ఆరాక, తడిమీద కాదు, ఒక్కోదానిలో రెండు చెంచాల సోడా చల్లి రాత్రంతా వదిలి, పొద్దున్నే తలకిందులు చేసి దులపండి. పొడి అంటుకుంటుందని చిరాకైతే పాత సాక్సులో పోసి ముడివేసి షూలోకి దూర్చండి. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ వేరు, వంటసోడా వేరు, చూసి కొనండి. తోలు షూకి ఇది పదేపదే చేస్తే తోలు ఎండి పగులుతుంది.

ఉతకడం అప్పుడప్పుడే చాలు. లేసులూ ఇన్‌సోల్సూ తీసి, గోరువెచ్చని నీళ్లలో కొంచెం డిటర్జెంటు కలిపి, పాత టూత్‌బ్రష్షుతో లోపల కూడా రుద్ది, నురగ పోయేదాకా జాడించండి. వాషింగ్ మెషీన్లో వేడినీళ్ల ప్రోగ్రాము వద్దు. ఉతికాక పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, కాబట్టి ఆట లేని రోజు చూసుకోండి. సగం ఆరిన షూ వేసుకునే పరిస్థితే వస్తే అసలు ఉతక్కపోవడమే నయం.

డబ్బు తగలేసే దారులు

ఘాటైన సెంటు స్ప్రే మొదటిది. కంపు మీద సుగంధం కొడితే రెండూ కలిసి మూడో వాసన వస్తుంది, అది మొదటిదానికంటే అన్యాయంగా ఉంటుంది. ర్యాకులో కలరా ఉండలు వేసేవాళ్లున్నారు. అవి వాసనని కప్పిపుచ్చుతాయేగాని తగ్గించవు, పైగా వాటి ఆవిరి పీల్చడం మంచిది కాదు, పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. కర్పూరానిదీ అంతే, కప్పిపుచ్చడమే. షూని కవర్లో చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెడితే బ్యాక్టీరియా చస్తుందని ఒక ప్రచారం ఉంది. చాలావరకు చావదు, చలికి ముడుచుకుని పడుకుంటుంది, కాలి వెచ్చదనం తగలగానే లేస్తుంది. ఆవకాయ జాడీ పక్కన షూ చూసిన అమ్మ ఏమంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇన్‌సోల్‌ని సర్జికల్ స్పిరిట్‌తో తుడవడం పనిచేస్తుంది, మంటకి దూరంగా, గాలి ఆడేచోట తుడిచి ఆరబెట్టండి. వికాశ్ కుమార్, సార్థక్ మిత్తల్ తమ షూ స్టాండులో అల్ట్రావయొలెట్-సి దీపం పెట్టారు. రెండు మూడు నిమిషాలు వెలిగిస్తే బ్యాక్టీరియా చచ్చి వాసన పోయింది, ఎక్కువసేపు ఉంచితే రబ్బరు కాలుతున్న వాసన మొదలైంది. ఆలోచన మంచిదే. కానీ ఆ కాంతి కళ్లకీ చర్మానికీ హాని చేస్తుంది, బల్బు కొనుక్కొచ్చి ఇంట్లో సొంతంగా బిగించే పని పెట్టుకోకండి. తడి ఆరకుండా బ్యాక్టీరియాని ఎన్నిసార్లు చంపినా మర్నాటి చెమటతో మళ్లీ కొత్తది చేరుతుంది.

సాక్సు, వేళ్ల సందు

కాళ్లు కడుక్కోవడమంటే ఒంటి మీద పోసుకున్న నీళ్లు పాదాల మీదుగా జారిపోవడం కాదు. వంగి, సబ్బుతో, ప్రతి వేలి సందూ రుద్దాలి. మడమల దగ్గర మందంగా పేరుకున్న మృతచర్మాన్ని రాయితో అరగదియ్యాలి, బ్యాక్టీరియాకి అదే మేత. ఆ తర్వాత తువ్వాలుతో సందులు పొడిగా తుడుచుకోవాలి. స్నానం చేసి తడికాళ్లతోనే సాక్సులు ఎక్కించేవాళ్లు ఎంతమందో! షూ తడవడానికి చెమట పట్టేదాకా కూడా ఆగరన్నమాట.

సాక్సుల్లో కాటన్ శ్రేష్ఠమని మనకో నమ్మకం. చొక్కాకి సరే, ఆటకి కాదు. కాటన్ చెమటని పీల్చి తనలోనే పట్టి ఉంచుకుంటుంది, పాదం తడిలోనే నానుతుంది. తడిని బయటికి తోసే స్పోర్ట్స్ సాక్సులు దొరుకుతాయి, సింథటిక్ నూలు కలిసినవో, మెత్తటి ఉన్నివో. అవి వాడండి. ఏ సాక్సైనా ఒక్క ఆటకే. ఉతికేటప్పుడు తిరగేసి ఉతకండి, చెమట ఉండేది లోపలివైపు. బ్యాగులో ఎప్పుడూ ఒక పొడి జత ఉంచుకోండి.

ఆ పొడి జత ఉన్నప్పుడు గడప దగ్గరి తడబాటుకి కూడా మందు దొరుకుతుంది. ఆట నుంచి నేరుగా ఎవరింటికైనా వెళ్లాల్సి వస్తే, లోపలికి వెళ్లేముందు ‘అత్తయ్యా, కాళ్లు కడుక్కుని వస్తాను’ అనండి. మన ఇళ్లలో ఈ మాటకి నొచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు. పెద్దవాళ్లకైతే ముచ్చటేస్తుంది, పిల్లవాణ్ని బాగా పెంచారనుకుంటారు. కాళ్లు కడిగి, తుడుచుకుని, పొడి సాక్సు వేసుకున్నా, వట్టికాళ్లతో కూర్చున్నా దర్జాగా ఉంటుంది. విప్పిన షూని మూలకి నెట్టకుండా గాలి వచ్చేవైపు నోరు తెరిచి పెట్టండి. అది దానికీ మంచిదే.

ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి

మన వాసన మన ముక్కుకి తెలియదు. ఏ వాసనైనా కొద్ది నిమిషాలు ఎదురుగా ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకని ఇంకొకరి ముక్కు కావాలి. ఇంట్లో అందుకు తగిన మనిషి చెల్లెలు. అమ్మ మొహమాటపడవచ్చు, నాన్న వినిపించుకోకపోవచ్చు. చెల్లెలు నిజమే చెబుతుంది, అడక్కుండానే చెబుతుంది కూడా. ఆమె చెప్పినప్పుడు ‘నీ నోరు ముయ్యి’ అనకుండా ‘ఎప్పట్నుంచి?’ అని అడగండి. వారం పోయాక ‘ఇప్పుడెలా ఉంది?’ అని మళ్లీ అడగండి. విమర్శని ఎలా తీసుకోవాలన్న దాని మీద పెద్ద పెద్ద శిక్షణ శిబిరాలు నడుస్తుంటాయి. ఈ రెండు ప్రశ్నలు అలవాటైన మనిషికి ఆ శిబిరంలో సగం రోజు మిగులుతుంది.

మీరే ఇంకొకరికి చెప్పాల్సి వస్తేనే కష్టం. హాస్టళ్లలో ఇది సాధారణంగా ఎగతాళితో మొదలవుతుంది. ఎవడో ముక్కు మూసుకుంటాడు, ఇంకొకడు ‘సాక్సుగాడు’ అని పేరు పెడతాడు, గది మొత్తం నవ్వుతుంది. ఆ రాత్రి నుంచే ఆ కుర్రాడు షూని కవర్లో చుట్టి దాచడం మొదలుపెడతాడు. మీరు నవ్వినందువల్ల మీ గదిలో కంపు పెరిగిందన్నమాట. స్వార్థం కోసమైనా నవ్వకండి.

చెప్పేటప్పుడు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి, మనిషి గురించి కాకుండా షూ గురించి చెప్పండి, చెయ్యాల్సిన పని కూడా అదే వాక్యంలో కలిపెయ్యండి. ‘రేయ్, నీ కాళ్లు కంపు కొడుతున్నాయిరా’ అంటే ఆ కాళ్లని వాడేం చేసుకోవాలి? ‘మామా, నీ షూ లోపల ఆరట్లేదు. ఇన్‌సోల్ తీసి కిటికీలో పెట్టు, నాదీ అక్కడే పెడుతున్నా’ అంటే వాడికి దారి దొరికింది, తోడూ దొరికింది. గదిలో కిటికీ పక్కనో వరండా చివరో ‘ఇది షూ ఆరే చోటు’ అని ఒక జాగా అందరూ కలిసి అనుకుంటే ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పనే ఉండదు.

ఆఫీసులో మీకంటే పెద్దాయన పక్క కుర్చీలో ఉండి, ఆయన జిమ్ షూ బల్ల కింద ఉంటే? నేరుగా అనలేరు. ‘సార్, ఈ ఏసీలో షూ ఆరట్లేదండీ, నేను నావి బాల్కనీలో పెట్టొస్తున్నా, మీవి కూడా ఇవ్వండి’ అనవచ్చు. అబద్ధమేమీ లేదు అందులో. మీ షూ కూడా ఆరట్లేదు.

పిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. పదమూడు, పధ్నాలుగేళ్ల వయసులో చెమట పెరుగుతుంది, బిడియమూ పెరుగుతుంది. పీటీ పీరియడ్ ఉన్న రోజు తెల్ల కాన్వాస్ షూలో ఎగిరొచ్చిన పిల్లవాడితో చుట్టాల ముందు ‘ఛీ, ఏం కంపురా!’ అంటే ఆ మాట వాడు ఏళ్లతరబడి మర్చిపోడు. ‘నాన్నా, ముందు షూ నోరు తెరిచి ఫ్యాను కింద పెట్టి రా, తర్వాత టిఫిను’ అని రోజూ అంటే పదిరోజుల్లో అలవాటైపోతుంది. ఆడపిల్లల షూ కంపు కొట్టదని ఇళ్లలో ఒక భ్రమ ఉంటుంది. బ్యాక్టీరియా ఆ తేడా చూడదు. ఆ భ్రమ వల్ల ఆడపిల్లలు మరీ ఎక్కువగా దాచుకుంటారు. కబడ్డీ, ఖోఖో ఆడే అమ్మాయిల ఇళ్లలో ఈ సంగతి అన్నయ్యలతో పాటు వాళ్లకీ మామూలుగా, పని చెప్పినట్టు చెప్పాలి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే

మూడు నాలుగు వారాలు షూ ఆరబెట్టి, సాక్సు మార్చి, వేళ్ల సందులు తుడుచుకున్నాక కూడా వాసన అలాగే ఉంటే అరికాలు వెలుతురులో చూసుకోండి. మడమ మీదా, వేళ్ల మొదళ్ల దగ్గరా సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తే అది బ్యాక్టీరియా చర్మాన్ని తినడం వల్ల వచ్చే పిటెడ్ కెరటోలైసిస్ కావచ్చు. పేరు భయపెడుతుందిగాని డాక్టరు రాసే పూత మందుతో తగ్గేదే. వేళ్ల సందులు పాచిపోయి, తెల్లగా ఉబ్బి, దురదపెడుతుంటే అది ఫంగస్ కావచ్చు, దాని మందు వేరు. ఒకదానికి వాడే మందు ఇంకోదానికి పనిచెయ్యకపోవచ్చు, కాబట్టి మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబు పూసుకోకుండా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికే వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు మూడు నాలుగు వారాలు కూడా ఆగొద్దు, అరికాల్లో ఏ పగులు కనిపించినా చూపించుకోవాలి. చల్లటి రోజున కూడా అరికాళ్ల నుంచి చెమట కారిపోతుంటే దానికీ చికిత్స ఉంది. అల్యూమినియం క్లోరైడ్ ఉన్న ద్రావణాలు రాత్రిపూట పూసుకోమంటారు. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటిక కూడా అల్యూమినియం లవణమే, కాకపోతే ఈ మందు దానికంటే చాలా గట్టిది.

కాళ్లు బాగైనా షూ బాగుపడకపోవచ్చు. అప్పుడు ముందు ఇన్‌సోల్ మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. అది మార్చినా వాసన తగ్గకపోతే ఫోమ్‌లోకే దిగిపోయిందని అర్థం. పరుగు షూ అడుగు మెత్తదనం ఎలాగూ 500 నుంచి 800 కిలోమీటర్లలో చచ్చిపోతుంది. రోజుకి ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకి మూడు నుంచి ఐదు నెలలే అది. మోకాళ్ల కోసమైనా మార్చాల్సిన షూని వాసన భరిస్తూ ఇంకో ఏడాది లాగడంలో పొదుపేమీ లేదు. ఆ షూని పనివాళ్లకో వాచ్‌మన్‌కో ఇచ్చెయ్యడం మాత్రం వద్దు. మీరు భరించలేనిది ఇంకొకరి కాలికి తొడగడం దానం కాదు. లేసులు బాగుంటే ఉతికి దాచుకోండి, మిగతాది చెత్తబండికి వెయ్యండి.